అటక మీద ఆరు బరకాలు

2023 డిసెంబరు మొదటి వారంలో మా ఇంటి అటక మీద ఆరు బరకాలుండేవి. ఎవరడిగినా అదే మాట ధీమాగా చెప్పేవాణ్ని. నా ఉద్యోగం పట్నంలో. ఊళ్లో మూడెకరాల మాగాణి, రెండు గేదెలు, ఒక దూడ, పది నాటుకోళ్లు. అమ్మ, మా ఆవిడ, స్కూలుకెళ్లే అబ్బాయి అక్కడే ఉంటారు. శనివారం రాత్రి బస్సెక్కి వెళ్లి, సోమవారం కోడి కూయకముందే మళ్లీ బయల్దేరతాను. ఆ ఆదివారం మాత్రం డ్యూటీ పడి కదల్లేకపోయాను.

మిచాంగ్ తుపాను 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. అప్పటికి మా వరి కోసి పనల మీద ఉంది. ఇద్దరు ఆడవాళ్లు, పక్క చేను బాబాయి, దొరికిన నలుగురు కూలీలు కలిసి వాన ముంచుకొచ్చేలోపు రెండెకరాల పనలు కుప్ప వేశారు. తీరా కప్పబోతే నాలుగు బరకాలకు ఎలుకలు కొట్టిన చిల్లులు. మిగిలిన రెండూ ఒక కుప్పకే సరిపోయాయి. రెండో కుప్ప తడిసి, వారం తిరిగేసరికి గింజ మొలకెత్తింది.

అమ్మ ఫోన్లో తిట్టలేదు. "బరకాలున్నాయని నీకు తెలుసు గానీ, ఎలా ఉన్నాయో తెలీదురా" అంది అంతే.

అప్పటి నుంచి మా ఇంట్లో చలికాలపు పనులకు ఒక వారం పట్టిక వచ్చింది. వంటింటి తలుపు పక్కన వేలాడే క్యాలెండర్ మీదే రాసుకుంటాం. ఉద్యోగం ఒకచోట, సేద్యం ఒకచోట పెట్టుకుని నెట్టుకొస్తున్న నాలాంటి వాళ్లకు పనికొస్తుందని ఇక్కడ చెబుతున్నాను.

మనకు చలికన్నా గాలిదే భయం

ఆదిలాబాద్ వైపో, లంబసింగి కొండల్లోనో ఉన్నవాళ్లకు చలికాలమంటే చలే. తీరం వెంట ఉన్న మనకు చలి అతిథి, తుపాను ఇంటి అల్లుడు. ఎప్పుడొస్తాడో, ఎన్నాళ్లుంటాడో చెప్పలేం గానీ మర్యాదలకు లోటు రాకూడదు. దివిసీమ ఉప్పెన వచ్చింది 1977 నవంబరు 19న. కోనసీమ కొబ్బరితోటలు నేలకొరిగింది 1996 నవంబరు 6న. హుద్‌హుద్ విశాఖను ఊడ్చేసింది 2014 అక్టోబరు 12న. సార్వా వరి పొట్ట దశ నుంచి కళ్లంలోకి చేరేదాకా సాగే కాలమూ సరిగ్గా ఇదే. అందుకే మా పట్టిక దసరా వెళ్లిన ఆదివారం మొదలై సంక్రాంతికి ముగుస్తుంది. అటూ ఇటూగా పదమూడు వారాలు.

ప్రతి వారం ఎందుకని అడగొచ్చు. తుపాను కబురు రాగానే ఊరంతటికీ ఒకే వస్తువులు కావాలి. బరకాలు, ట్రాక్టరు, కూలీలు, డీజిలు, చివరికి కల్లుప్పు కూడా. ఆ రోజు కొట్టుకెళ్తే వరసలో నిలబడటమే మిగులుతుంది. హెచ్చరిక వచ్చిన రోజు కొనే రోజు కాదు, ఉన్నవి దించి వాడుకునే రోజు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్న సామెతలో ఉన్నది ఈ లెక్కే.

ఆదివారం ఉదయం: చావిడి, కప్పు, బోదె

మూడు గంటల పని. నేను ఇంట్లో ఉండే రోజు కాబట్టి బరువు పనులన్నీ దీనికే.

మొదట గొడ్ల చావిడి. ఈశాన్యం నుంచి చలిగాలి కొట్టే వైపు గోనెపట్టాలు కడతాం. నాలుగు వైపులా మూసేయడం తప్పు. మూత్రం, పేడ నుంచి లేచే ఘాటు లోపలే నిలిచి దూడకు దగ్గు పట్టుకుంటుంది. పైన గాలి పోయే సందు ఉండాలి, కింద పొడిగడ్డి పరుపు ఉండాలి. తడిసిన గడ్డి రోజూ తీస్తారు, ఆదివారం మొత్తం మారుస్తాం. పొడిగా ఉన్న దూడ చలిని చాలావరకు తనే తట్టుకుంటుంది. గేదెలను కడగడం ఎండెక్కాకే.

ఆ పనిలోనే ఒక్కొక్క గొడ్డునూ తల నుంచి తోక దాకా చూస్తాను. కళ్లలో పుసి, ముక్కు కారడం, గిట్టల మధ్య పుండు, పొదుగులో గట్టితనం, చెవుల వెనక పిడుదులు. గాలికుంటు టీకా వేయించిన తేదీ, చెవి పోగు మీద ఉన్న పన్నెండు అంకెల నంబరు క్యాలెండర్ వెనక రాసి ఉంటాయి. కోళ్లకు కొక్కెర తెగులు టీకా గడువు కూడా అక్కడే.

తర్వాత పలుపులు. ఈ విషయం దగ్గర మాత్రం మా అమ్మ ఎవరినీ నమ్మదు. ఉప్పెన నాటికి ఆమెకు పన్నెండేళ్లు. కట్టేసిన గొడ్డు కట్టుకొయ్య దగ్గరే పోతుందని, విప్పిన గొడ్డు ఈదుకుంటూ ఎక్కడో ఒక మెట్ట మీద తేలుతుందని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాను. అందుకే మా చావిడిలో అన్నీ జారుముళ్లే. కొస పట్టి లాగితే ఊడిపోవాలి. తడిసి బిగుసుకున్న ముడి చీకట్లో విప్పడం ఎవరి తరమూ కాదు కాబట్టి గుంజకు ఒక కొడవలి కూడా వేలాడుతుంటుంది. మా అబ్బాయి చేత నెలకోసారి కళ్లు మూసుకుని ముడి లాగిస్తాను. వాడికది ఆట.

మూడోది కప్పు. రేకుల ఇల్లయితే ఊగే బోల్టులు బిగించాలి. తాటాకు పాకయితే మోకులు వేసి రెండు పక్కలా మేకులకు కట్టాలి. ఇంటి మీదికి వాలిన కొమ్మలు, కొబ్బరిచెట్టు ఎండుమట్టలు, ముదిరిన కాయలు దసరా లోపే దింపించుకుంటే మేలు. గాలిలో కొబ్బరికాయ ఫిరంగి గుండుతో సమానం.

నాలుగోది బోదె. డెల్టాలో పంటను ముంచేది వాన ఒక్కటే కాదు, మురుగు కాలవలో మేట వేసుకున్న గుర్రపుడెక్క కూడా. నా చేను బోదె ఎంత శుభ్రంగా ఉన్నా, దిగువ చేనులో తూము పూడిపోతే నీళ్లు నా చేలోనే నిలుస్తాయి. అందుకని ముగ్గురం రైతులం కలిసి ఆదివారం ఒక గంట గట్టు వెంట నడుస్తాం. కోతకు రెండు మూడు రోజుల ముందు వరిలో మినుము చల్లేవాళ్లకు ఈ నడక మరీ ముఖ్యం. మొలకెత్తిన మినుము మీద నీళ్లు నిలిచాయంటే ఆ విత్తనం మీద ఆశ వదులుకోవాల్సిందే.

చివరికి అటక. బరకాలన్నీ కిందికి దించి, పూర్తిగా విప్పి, ఎండలో పరిచి, మడత మార్చి పెడతాం. మడత మారితే ఎలుకకు గూడు కుదరదు.

బుధవారం సాయంత్రం: నీళ్లు, మేత, కరెంటు

ఇది మా ఆవిడ చేతిలోని గంట. నిజానికి పట్టికలో సగం ఆమె మొదటి నుంచీ చేస్తున్నవే. రాసి పెట్టడం వల్ల మారింది ఒక్కటే: ఏ వస్తువు ఎక్కడుందో ఇప్పుడు ఇంటిల్లిపాదికీ తెలుసు.

నీళ్లు. కరెంటు పోతే ఊళ్లో ఆర్వో ప్లాంటు ఆగుతుంది, ఇంట్లో మోటారూ ఆగుతుంది. మనిషికి తాగడానికీ వంటకూ రోజుకు మూడు లీటర్ల లెక్కన నలుగురికి మూడు రోజులకు 36 లీటర్లు. ఇరవై లీటర్ల క్యాన్లు రెండు ఎప్పుడూ నిండుగా ఉంటాయి. పాతవి వాడేసి కొత్తవి పెట్టడం బుధవారం పని. పాలిచ్చే గేదెకు రోజుకు అరవై లీటర్లకు తక్కువ పట్టదు. రెండింటికి మూడు రోజులకు 360 లీటర్లు కావాలి. అందుకు 200 లీటర్ల డ్రమ్ములు రెండు మూతలతో ఉంచాం.

మేత. గడ్డివాము ఇంటికీ పొయ్యికీ కరెంటు తీగకూ దూరంగా ఉండాలి. వారానికి సరిపడా వంద కిలోల ఎండుగడ్డి మాత్రం కప్పు కింద, ఇటుకల మీద పరిచిన చెక్కలపై ఉంటుంది. బయటి వాము తడిసినా వారం రోజులు గొడ్లకు బూజు గడ్డి పెట్టే అవసరం రాదు. దాణా బస్తా సగానికి దిగగానే కొత్తది తెస్తాం. పూర్తిగా అయిపోయేదాకా ఆగం.

నిప్పు. దోమలకని చావిడిలో వేపాకు పొగ వేసి పడుకోవడం మన ఊళ్లలో మామూలే. ఆ పొగ కుండ గడ్డికి బారెడు దూరంలో ఉండాలి, పడుకునేముందు ఆర్పేయాలి. కుంపటి సంగతి ఇంకా ప్రమాదం. తలుపులు బిగించిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుంటే దాన్నుంచి వచ్చే విషవాయువుకు రంగూ ఉండదు, వాసనా ఉండదు. నిద్రలోనే ప్రాణం పోతుంది. బాలింతకైనా, ముసలివాళ్లకైనా కుంపటి పెట్టాల్సి వస్తే తలుపు ఓరగా తీసి, మనిషి మెలకువగా ఉన్నంతసేపే.

కరెంటు. మన పెరళ్లలో బట్టలారేసే దండెం చాలాచోట్ల జీఐ తీగే. ఒక కొస సర్వీసు వైరు కట్టిన పైపుకు, ఇంకో కొస చెట్టుకు. గాలికి వైరు రాపిడి పడి తొడుగు పోయిందంటే తడిబట్ట ఆరేయబోయిన చెయ్యి అక్కడే అంటుకుపోతుంది. ఈ వ్యాసం చదివి ఒక్క పనే చేయదలచుకుంటే, ఆ తీగ తీసేసి నైలాన్ తాడు కట్టండి. మోటారు స్టార్టరు పెట్టెలో నీటిచుక్క, వదులైన ఎర్తు తీగ ఉన్నాయేమో బయటి నుంచి చూసి ఎలక్ట్రీషియన్ను పిలవాలి. ట్రాన్స్‌ఫార్మర్ ఫీజు పోతే మాత్రం ఎంత చేయి తిరిగినవాళ్లయినా ముట్టుకోకూడదు. 1912కు ఫోన్ చేసి లైన్‌మన్ కోసం ఆగాలి.

శుక్రవారం రాత్రి: పావుగంట ఫోన్

నేను పట్నం నుంచి చేసే పని ఇదొక్కటే. వచ్చే అయిదు రోజుల వాతావరణం చూసి ఇంటికి ఫోన్ చేస్తాను. కోత మిషను ఎప్పుడు, కళ్లంలో ధాన్యం ఎంత ఆరింది, మందులు ఎన్ని రోజులకున్నాయి. కోత తేదీ తేలేది ఈ ఫోన్లోనే. బంగాళాఖాతంలో అల్పపీడనం కబురుంటే వరి నిలబడి ఉండగా కోయించం. పనల మీద తడిసిన వరికన్నా నిలబడి తడిసిన వరికి నష్టం తక్కువ. కోసేసి ఉంటే ధాన్యం ఆరబెట్టడం ఆపి బస్తాలకెత్తి ఎత్తు మీదికి చేర్చాలి. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు కాబట్టి ఒకసారి ఆరినదాన్ని మళ్లీ తడవనిస్తే పడిన కష్టమంతా మొదటికి వస్తుంది.

ఆ ఫోన్లోనే ఎర్ర డబ్బా సంగతి కూడా. బీరువా మీద మూత బిగిసే ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఉంది. అందులో ఉండేవి ఇవి:

- పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు పుస్తకం, పంట బీమా, పశుబీమా కాగితాలు, అన్నీ ప్లాస్టిక్ కవర్లో
- రెండు వేల రూపాయల చిల్లర నోట్లు. కరెంటూ సిగ్నలూ లేనప్పుడు ఫోన్‌పే పనిచేయదు, ఏటీఎం తెరుచుకోదు
- అమ్మ బీపీ మాత్రలు పది రోజులకు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, అయోడిన్, దూది, గాజుగుడ్డ
- రెండు టార్చిలైట్లు, విడి బ్యాటరీలు, పవర్ బ్యాంకు, బటన్ ఫోను, బ్యాటరీ రేడియో
- అగ్గిపెట్టె, కొవ్వొత్తులు, చాకు, పది గజాల తాడు
- ఫోన్ నంబర్లు రాసిన అట్ట: అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108, పశువుల అంబులెన్సుకు 1962, కరెంటుకు 1912, విపత్తు కంట్రోల్ రూముకు 1070

డబ్బాలోంచి ఒక వస్తువు తీస్తే, తీసినవాళ్లే క్యాలెండర్ మీద రాయాలి. టార్చి బ్యాటరీలు టీవీ రిమోట్లోకి వెళ్లడం మా ఇంట్లోనూ మామూలే.

పసుపు, నారింజ, ఎరుపు

టీవీలో "ఒకటో నంబరు, మూడో నంబరు ప్రమాద హెచ్చరిక" అని వినగానే మనం కంగారు పడతాం. ఆ నంబర్లు ఒకటి నుంచి పదకొండు దాకా ఓడరేవుల్లో ఓడల కోసం ఎగరేసేవి. రైతు చూడాల్సినవి వాతావరణ శాఖ రంగులు. తీరంలో వాతావరణం చెడటానికి కనీసం 48 గంటల ముందు పసుపు, 24 గంటల ముందు నారింజ, తీరం దాటే ముందు పన్నెండు గంటల నుంచి ఎరుపు. ఏ రంగుకు ఏ పనో ముందే అనుకుని ఉంటే చేతులు వాటంతటవే కదులుతాయి.

పసుపు పడితే పంట పని. పనలు కుప్ప వేసి బరకాలు కప్పడం, తూములు తెరవడం, డీజిలు నింపడం. కుప్ప వేయడానికి వీల్లేక పనలు తడిస్తే లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి కంకుల మీద పిచికారీ చేస్తే గింజ మొలకెత్తకుండా కొంత కాపాడుకోవచ్చు. ఎకరానికి 200 లీటర్లు అనుకుంటే పది కిలోల ఉప్పు. మూడెకరాలకు ముప్ఫై కిలోల కల్లుప్పు దసరాకే కొని దాస్తున్నాం. కొట్టిన తర్వాత స్ప్రేయరును మంచినీళ్లతో కడగకపోతే తుప్పు పడుతుంది.

నారింజకు గొడ్ల పని. డ్రమ్ములు నింపి, మేత ఎత్తులో పెట్టి, మన స్థలం పల్లమైతే గొడ్లను ముందుగానే మెరక మీదికి తోలుకుపోవాలి. గాలి మొదలయ్యాక గేదె అడుగు వేయదు. ఫోన్లన్నీ ఛార్జింగు పెట్టాలి. గొడ్ల ఫొటోలు చెవి పోగుతో సహా తీసి పట్నంలో ఉన్న నాకు పంపుతారు. నా ఫోను తడవదు కదా.

ఎరుపుకు మనుషుల పని. గ్యాసు రెగ్యులేటరు కట్టేయాలి, మెయిన్ దించాలి. సముద్రానికి దగ్గరున్నవాళ్లు, పాకల్లో ఉన్నవాళ్లు తుపాను షెల్టరుకు వెళ్లమంటే మారుమాట లేకుండా వెళ్లాలి. బయల్దేరే ముందు పలుపులన్నీ విప్పేయాలి. పెరట్లో వదులుగా పడివున్న రేకు, తట్ట, మంచం లోపల పెట్టాలి. ఇంకో మాట పెద్దవాళ్ల దగ్గర విన్నదే. నడిరాత్రి గాలి ఒక్కసారిగా ఆగి, ఆకాశం తేటపడిందంటే తుపాను వెళ్లిపోయిందని బయటికి రాకండి. తుపాను కన్ను మన మీదుగా పోతుంటే అలాగే ఉంటుంది. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి అంతే జోరుగా తిరిగి కొడుతుంది.

గాలి తగ్గాక

తెల్లారగానే పొలానికి పరుగెత్తాలనిపిస్తుంది. నాలుగు పనులు అంతకన్నా ముందున్నాయి.

తెగిన తీగ ఏదైనా కరెంటున్నట్టే లెక్క. నీళ్లలో పడి ఉంటే ఆ నీళ్లనూ దాటకూడదు. గడ్డి, కట్టెల మోపు, గూట్లో గుడ్లు, వేటి మీదా చెయ్యి పెట్టేముందు కర్రతో తట్టాలి. వరద నీటికి బొరియలు మునిగి పాములు మనలాగే పొడి చోటు వెతుక్కుంటాయి. కాటు పడితే కట్లు బిగించడం, కోయడం, పసరు పోయడం వద్దు. కాలుచెయ్యి కదలకుండా పడుకోబెట్టి 108లో ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తాగే నీళ్లు తెర్లించి చల్లార్చినవే. ఇక గొడ్ల సంగతి. పాల కేంద్రం మూతపడినా రెండు పూటలా పాలు పిండాల్సిందే, లేకపోతే పొదుగువాపు వస్తుంది. ఆ రెండు రోజుల పాలు మా ఇంట్లో తోడుకుని నెయ్యి అవుతాయి.

పొలంలోకి దిగాక చెయ్యి పెట్టకముందే ఫొటోలు తీయాలి. గట్టు, పక్క చేను గుర్తులు కనబడేలా నాలుగు మూలల నుంచీ. పంట బీమా ఉన్నవాళ్లు నష్టం జరిగిన 72 గంటల్లోపు తెలియజేయాలి. కోసి చేలో ఆరబెట్టిన పంటకు కూడా కోత తర్వాత 14 రోజుల దాకా పీఎం ఫసల్ బీమాలో రక్షణ ఉంటుందన్న సంగతి చాలామందికి తెలియదు. రైతు సేవా కేంద్రంలో నమోదు చేయించి, రసీదో నంబరో చేతికి వచ్చేదాకా కదలకండి. ఉద్యోగం చేసే మనం ఆ ఒక్కరోజు సెలవు పెట్టుకోవాల్సింది ఇందుకే.

మొదటి రెండు వారాలు ఇదంతా చాదస్తంగా ఉంటుంది. మూడో వారానికి వేళ్లు అలవాటు పడతాయి. ఒక వారం తప్పిపోతే బెంగ లేదు, క్యాలెండర్లో ఆ గడి ఖాళీగా వదిలేయండి. చేయని పనికి టిక్కు మాత్రం పెట్టకండి. నన్ను ముంచింది మనసులో పెట్టుకున్న అలాంటి టిక్కే.

మొన్న ఆదివారం బరకాలన్నీ దించి వాకిట్లో పరిచాం. అమ్మ అంచు అంచునా నడుస్తూ వెలుతురుకు ఎత్తి చూసింది. అయిదు బాగున్నాయి. ఆరోదానికి అరచేయంత చిల్లు. అతికించడానికి పక్కన పెట్టి, మా ఆవిడ క్యాలెండర్ మీద రాసింది: "బరకాలు అయిదు."